ఏడో రోజు దాటిన ప్లేటు

మా పిన్ని కింది పళ్ళలో ముందు పన్నుకి ఒక గాడి ఉంది. దారం సరిగ్గా పట్టేంత గాడి. ఇరవై రెండేళ్ళుగా కొరికీ కొరికీ పడింది. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను ఉంటుంది. కాజాలు మాత్రం మిషను మీద కుట్టదు, చేత్తోనే కుడుతుంది. ఎడమ చేత్తో గుడ్డ బిగించి పట్టుకుని, కుడి చేత్తో సూది లాగి, చివర ముడి వేసి, తల వంచి దారాన్ని పుటుక్కున కొరికేస్తుంది. కత్తెర పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటుంది.

"కత్తెర అందుకోవాలంటే గుడ్డ వదలాలి. గుడ్డ వదిలితే బిగువు పోతుంది. బిగువు పోయిందా, కాజా నోరు తెరుచుకుని నవ్వుతుంది," అంటుంది పిన్ని.

ఆ పన్ను నిరుడు రంగు మారింది. నొప్పి పెద్దగా లేదు. చిగురు మీద ఆవగింజంత పొక్కు లేచేది. నాలుగు రోజులకి చితికేది, నోరంతా చేదయ్యేది, మళ్ళీ లేచేది. నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రికే తీసుకొచ్చాను. కింద అంతస్తులో డాక్టరమ్మ రూట్ కెనాల్ చేసింది. నెల తిరక్కుండా పొక్కు మళ్ళీ లేచింది. రెండోసారి చేసింది. మళ్ళీ లేచింది.

చదువు కోసం ఊరి నుంచి వచ్చినప్పటి నుంచీ నేను పిన్ని ఇంట్లోనే ఉంటున్నాను. బాబాయి బస్సు డ్రైవరు. నేనేదైనా కళ్ళప్పగించి చూస్తూ కూర్చుంటానని నాకు భూతద్దం అని పేరు పెట్టాడు. "ఏమ్మా భూతద్దం, మీ పిన్ని పంట్లో ఎవరు కాపురముంటున్నారో కనిపెట్టావా?" అని రోజూ బూట్లు విప్పుకుంటూ అడిగేవాడు.

నా ఉద్యోగం అదే మరి. ఆసుపత్రి మూడో అంతస్తులో మా ల్యాబు. రూట్ కెనాల్ చేసినా నయంకాని పళ్ళలో ఏ బ్యాక్టీరియా ఉందో చూడటం మా పని. డాక్టరమ్మ పంటి వేరులోని సన్నటి దారిలోకి అగ్గిపుల్లలో పావు వంతు కూడా లేని కాగితపు పుల్లని దించుతుంది. అది తడిసిన తర్వాత కొంచెం ద్రవం ఉన్న చిన్న సీసాలో వేసి పైకి పంపిస్తుంది. ఆ సీసాలోని చుక్కలో కొంచెం గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తాం. మిగిలింది రక్తం కలిపిన ఎర్రటి ప్లేట్ల మీద పరిచి, గాలి లేకుండా మూత బిగించే జాడీలో పెడతాం. పంటి వేరులో ఉండేవాటికి గాలి తగిలితే గిట్టదు. పెరిగినవాటిలో పేరు తెలిసినవాటికి పేరు రాస్తాం. తెలియనివాటిని నంబరు వేసి విడిగా దాస్తాం.

ల్యాబుకి పెద్ద మా సార్. ముప్పై ఏళ్ళ సర్వీసు. వెనకాల అందరూ ఆయన్ని ఏడో రోజు సార్ అంటారు. జాడీ ఏడో రోజు తెరవాలి, పెరిగింది రాయాలి, పెరగనిది పారేయాలి. పారేసే ప్రతి ప్లేటునీ ఆయన స్వయంగా లైటు కింద తిప్పి చూస్తారు. ఆ తర్వాతే అది చెత్త సంచిలోకి వెళుతుంది. జాడీలు ఆరే ఉన్నాయి, సీసాలు రోజూ వస్తూనే ఉంటాయి, ఆ లెక్కన ఆయన నియమంలో తప్పు పట్టడానికి లేదు.

ఆయన పెట్టిన ఇంకో అలవాటు పాపాల పుస్తకం. అట్ట మీద 'పొరపాట్ల నమోదు' అని ఉంటుంది కానీ ఆ పేరు ఎవరూ వాడరు. ఎవరి చేతిలోనైనా ప్లేటు పాడైతే, బయటి క్రిమి పడితే, మూతలు తారుమారైతే వాళ్ళే తారీకు వేసి, ఏం జరిగిందో రాసి సంతకం పెట్టాలి. తిట్లేమీ ఉండవు. రాయాలి, అంతే. నేను చేరి ఏడాదిన్నర. అందులో నా సంతకం ఒక్కటి కూడా లేదు. ఎవరికీ చెప్పలేదు కానీ ఆ సంగతి నాకు లోలోపల గొప్పగానే ఉండేది.

పిన్ని పంటి నుంచి మొదటిసారి వచ్చిన సీసాలో ఏమీ పెరగలేదు. రెండోసారీ అంతే. మూడోసారి డాక్టరమ్మ ముందే చెప్పింది. "ఈసారి కూడా ఏమీ పెరగలేదంటే లోపల శుభ్రంగా ఉన్నట్టే. మరి పొక్కు ఎందుకు వస్తోంది? వేరు నిలువునా చిట్లి ఉంటుంది. ఎక్స్‌రేలో కనపడని చీలిక. అలాంటి పన్ను తీసెయ్యడమే."

పిన్ని అద్దంలో చూసుకున్నట్టు ఎదురుగా గోడకేసి చూస్తూ, "పెట్టుడు పన్నుతో దారం కొరకచ్చా డాక్టరుగారూ?" అంది.

"అసలు పన్నుతోనే కొరకకూడదమ్మా!"

ఇంటి మెట్లెక్కుతూ పిన్ని, "మా అమ్మకీ ఇదే పన్ను మొదట పోయింది. ఆ తర్వాత నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. కొన్నాళ్ళకి చెయ్యి పెట్టుకోవడం మానేసింది. నవ్వడమే మానేసింది కదా మరి," అంది.

మూడో సీసా అరవై ఒకటో నంబరు. ముందు గాజు పలక మీద పూశాను. రంగు వేసి చూస్తే సన్నటి పుల్లల్లాంటివి కనపడ్డాయి. తక్కువే, కానీ ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక చివర కొంచెం వంగి ఉంది. సార్‌ని పిలిచి చూపించాను.

"ఉంటాయమ్మాయ్. మందు పడి చచ్చినవి. రంగు చచ్చినవాటికి కూడా ఎక్కుతుంది. ప్లేటు మీద పెరిగినప్పుడు మాట్లాడుకుందాం," అన్నారాయన.

ఒక్కో సీసాకి రెండు ప్లేట్లు మా లెక్క. రెండూ పరిచాక సీసాలో ఇంకా రెండు మూడు చుక్కలు మిగిలాయి. మామూలుగా అయితే పారేసేదాన్ని. పారేయబుద్ధి కాలేదు. మూడో ప్లేటు తీసి పరిచాను. ఎక్కువసేపు గాలి తగలకూడదని తొందరపడ్డాను. జాడీ మూత బిగించాక చూసుకుంటే చూపుడువేలి దగ్గర గ్లోవు చిరిగి ఉంది. ప్లేటు అంచుకి వేలు తగిలిందని నాకు తెలుసు. తగిలినప్పుడే తెలుసు.

ఏడో రోజు జాడీ తెరిచాను. రెండు ప్లేట్లూ ఎర్రగా, నున్నగా, ఖాళీగా ఉన్నాయి. మూడోదాని మీద ఒకటే చుక్క పెరిగింది. అంచు దగ్గర, నా వేలు తగిలినచోట, తెల్లగా, గుండ్రంగా, సగ్గుబియ్యం గింజ ఉడికినట్టు. చర్మం మీద అందరికీ ఉండే మామూలు క్రిమి. నా వేలిది.

అప్పుడే పుస్తకం తీసి రాయాల్సింది. సార్ చెత్త సంచి పక్క బల్ల దగ్గర ఎవరివో ప్లేట్లు లైటు కింద తిప్పుతున్నారు. సంచిలో పడేస్తే ఆయన చూస్తారు. ఆ పక్కనే అరవై ఆరో నంబరు జాడీలో పెట్టడానికి సిద్ధంగా ఉంది. నా ప్లేటుని ఆ జాడీ అడుగున పెట్టి, దాని మీద అరవై ఆరో నంబరువి పెట్టి మూత బిగించేశాను. ఎప్పుడో ఒకప్పుడు మెల్లగా పారేయచ్చనుకున్నాను. ఖాళీగా ఉన్న రెండు ప్లేట్లూ సార్‌కి చూపించాను. రిపోర్టులో 'ఏమీ పెరగలేదు' అని రాసి కిందికి పంపించాను. అందులో అబద్ధమేమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

డాక్టరమ్మ పై వారం శనివారం ఉదయం పన్ను తీసేస్తానంది.

ఆ వారమంతా పిన్ని పంటి సంగతి ఎత్తలేదు. ఒక సాయంత్రం మాత్రం చేతిలో ఏదో చిన్న గుడ్డ పట్టుకుని కుడుతూ కనపడింది. బొటనవేలంత సంచి. నీలం రంగు, పైన లాగితే మూసుకునే తాడు, చుట్టూ పువ్వు కుట్టు కూడా.

"ఇదేంటి పిన్నీ?"

"పన్ను పెట్టుకోడానికే. తీసింతర్వాత వాళ్ళు పారేస్తారట. పారేస్తే ఎలా? ఇరవై రెండేళ్ళు నాతో పాటు పని చేసింది."

బాబాయి పక్క గదిలోంచి, "నా జుట్టూ ఇరవై రెండేళ్ళు నాతో పని చేసింది. దానికి సంచీ కుట్టినవాళ్ళెవరూ లేరు," అన్నాడు.

"నీ జుట్టుకి సంచీ ఎందుకు, అగ్గిపెట్టె చాలు," అంది పిన్ని. నవ్వింది. నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి తనకి తెలిసినట్టు లేదు.

గురువారం మధ్యాహ్నం అరవై ఆరో నంబరుకి ఏడో రోజు. జాడీ తెరిచి పైవి తీశాను. అడుగున నా ప్లేటు. దానికి పద్నాలుగో రోజు. దాన్ని సంచి అడుక్కి తోసేద్దామనే చేతిలోకి తీసుకున్నాను. కిటికీ వెలుగు ఏటవాలుగా పడింది. తెల్లచుక్క చుట్టూ ఏదో తడి మెరిసినట్టయింది. నీటి తుంపర అనుకున్నాను. ప్లేటు వంచి చూశాను. తుంపర అయితే జారాలి. జారలేదు.

సొరుగులోంచి భూతద్దం తీశాను. తెల్లచుక్క చుట్టూ సూదిమొన గుచ్చినంత చుక్కలు, వందకి పైనే, ముందు వరసవి దట్టంగా, దూరం పోయేకొద్దీ పలచగా. గోరంత దూరం తర్వాత ఒక్కటీ లేదు. మిగతా ప్లేటంతా ఖాళీ.

ఎంతసేపు చూశానో తెలియదు. మా ఊరి బడిలో ఒకే మైక్రోస్కోపు ఉండేది. ఏడాదికొకసారి బీరువాలోంచి తీసేవాళ్ళు. ఉల్లిపొర చూడటానికి క్లాసంతా వరసలో నిలబడేవాళ్ళం. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేది. మూడేళ్ళూ అలాగే జరిగింది. దేన్నైనా ఆపకుండా చూడటం నాకు అప్పటి నుంచే అలవాటైందేమో.

ఒక సూదిమొన చుక్కని తీసి గాజు పలక మీద పూసి రంగు వేశాను. సన్నటి పుల్లలు. ఒక చివర కొంచెం వంగి.

అవి చచ్చినవి కావు. బతికే ఉన్నాయి. ఒంటరిగా పెరగలేవు, అంతే. పక్కన పెరుగుతున్న క్రిమి ఏదో ఒకటి వదిలితే, అది తిని పెరుగుతాయి. పంటి వేరులో వాటికి తోడుగా ఏదో ఉండి ఉంటుంది. మా శుభ్రమైన ప్లేటు మీద అది లేదు. నా పాడుచేసిన ప్లేటు మీద నా వేలి క్రిమి ఉంది. పైగా వాటికి ఏడు రోజులు చాలలేదు.

చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. గ్లోవు చిరిగినప్పటి నుంచి. దాచినదాంతో సహా. చెప్పకపోతే ఎల్లుండి ఉదయం పన్ను పోతుంది.

ప్లేటు పట్టుకుని సార్ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"సార్, ఇది అరవై ఒకటిది. మూడో ప్లేటు."

"అరవై ఒకటికి మూడో ప్లేటు ఎక్కడిది?"

చెప్పాను. మాటలు తడబడ్డాయి కానీ ఏదీ వదల్లేదు. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక ప్లేటు అడగలేదు.

"పుస్తకంలో రాశావా?"

"లేదు సార్."

"ముందు రాయి."

రాశాను. నాలుగు వరసలు. గ్లోవు చిరగడం ఒక వరసలో అయిపోయింది. దాచడానికి మూడు పట్టాయి. సంతకం పెట్టి ఇచ్చాక ఆయన ప్లేటు తీసుకుని లైటు కింద తిప్పారు. భూతద్దంతో చూశారు. మళ్ళీ తిప్పారు.

"ఇది ఆ పంటిదేనని ఎలా నమ్మమంటావు? నీ వేలిది ఒకటి వచ్చింది. ఈ రెండోది కూడా నీ వేలిదే ఎందుకు కాకూడదు?"

అది నేను ఆలోచించలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాను. గోడకి గాజు పలకల పెట్టె ఉంది.

"మొదటి రోజు పలక ఉంది సార్. గ్లోవు చిరగకముందు పూసింది. సీసాలోంచి నేరుగా. మీకు చూపించాను."

"చచ్చినవన్నాను."

"అవును సార్."

ఆయన లేచి పెట్టెలోంచి అరవై ఒకటి తీశారు. పక్కపక్కనే రెండు మైక్రోస్కోపులు. ఒకదాంట్లో మొదటి రోజు పలక, రెండోదాంట్లో ఇవాళ్టిది. ఇందులో చూసి అందులో చూశారు. అందులో చూసి ఇందులో చూశారు. చివరికి కళ్ళజోడు తీసి నుదుటి మీదకి నెట్టుకున్నారు.

"వంపు కూడా అదే," అన్నారు. "పద కిందికి."

డాక్టరమ్మకి చేతి నిండా పని. నిలబడే విన్నది. "మూడుసార్లు ఏమీ లేదని రాసిచ్చింది మీరే కదా సార్?"

"ఏడు రోజుల్లో ఏమీ పెరగలేదని రాశాం. దాన్ని ఏమీ లేదని మీరు చదివారు, నేనూ చదివాను. ఉంది. బతికే ఉంది. ఎక్కడ దాక్కుందో మీరు చూడాలి."

"రెండుసార్లు కడిగాను. ఇంకెక్కడ దాక్కుంటుంది?" అంది గానీ, పాత ఎక్స్‌రే తీసి వెలుగుకి పట్టి చూసింది. కాసేపటికి తనలో తను మాట్లాడుకున్నట్టు, "ఇది ఎదురుగా తీసింది. పక్కవాటంగా తియ్యలేదు," అంది.

శనివారం పిన్ని నీలం సంచి పట్టుకుని కుర్చీలో కూర్చుంది. నేను ముందే చెప్పాను తీయకపోవచ్చని. "కావచ్చు అంటే కాకపోవచ్చు కూడా. సంచి ఉండనీ," అంది. డాక్టరమ్మ ముందు తలని పక్కకి తిప్పించి ఎక్స్‌రే తీసింది. తెర మీద పన్ను వేరు వచ్చింది. సన్నటి తెల్లగీత ఒకటి, అది డాక్టరమ్మ నింపినది. దాని వెనక నల్లటి గీత ఇంకొకటి, వెంట్రుకంత.

"కింది ముందుపళ్ళలో కొన్నిటికి వెనక రెండో దారి ఉంటుంది," అంది డాక్టరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "రెండుసార్లూ చూశాననే అనుకున్నాను."

పిన్ని నోట్లో రబ్బరు తెర, సామాన్లు. మాట్లాడటానికి లేదు. నాకేసి కనుబొమలు ఎగరేసింది. తీస్తారా, ఉంచుతారా అని. ఉంచుతారన్నట్టు తలూపాను. నీలం సంచి చేతిలో పిసుకుతూ ఉన్నదల్లా పిసకడం ఆపింది.

ఆ దారి తెరవడానికి గంట పట్టింది. లోపలికి దింపిన కాగితపు పుల్ల బూడిదరంగుగా తడిసి వచ్చింది. నాలుగో సీసా నేనే పైకి తీసుకెళ్ళాను. ఈసారి ప్లేటు మధ్యలో తెల్లచుక్క క్రిమితో కావాలనే ఒక గీత గీసి, దాని రెండు పక్కలా పరిచాను. జాడీ మీద సార్ స్వయంగా కాగితం అంటించారు. 'ఇరవై ఒకటో రోజు దాకా తెరవరాదు.'

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు పాపాల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. నా నాలుగు వరసల కింద ఇంకో వరస, నల్లసిరాతో, సార్ చేతిరాత. 'పలక మీద కనపడి, ప్లేటు మీద పెరగలేదని ఏడో రోజున పారేయించినవి. ఎన్నో తెలియదు.' తారీకు, సంతకం. ఆయన సంతకం ఆ పుస్తకంలో అదే మొదటిది.

ఇరవై ఒకటో రోజు జాడీ తెరిస్తే గీతకి రెండు పక్కలా సూదిమొన చుక్కలు బారులు తీరి ఉన్నాయి. వాటి డి.ఎన్.ఎ. చదివించడానికి పంపించాం. తెలిసిన దేనితోనూ కలవలేదని జవాబు వచ్చింది. దగ్గరి చుట్టాలనదగ్గవి కూడా దూరపు చుట్టాలే. సార్ విడి పెట్టెలో మొదటి అరలో దానికి చోటిచ్చారు, దాని తోడు క్రిమితో సహా.

పిన్నికి పొక్కు మళ్ళీ లేవలేదు. ఆరు నెలలు గడిస్తే గానీ ఏ సంగతీ చెప్పనంది డాక్టరమ్మ. నాలుగో నెలలో ఒకరోజు పిన్ని కుట్టిన తెల్లకోట్లు ఇవ్వడానికి ఆసుపత్రికి వస్తే ల్యాబుకి తీసుకెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. నేను తొందరపెట్టలేదు.

"దారప్పోగుల్లా ఉన్నాయే. కొరికి ఊసిన దారప్పోగులు. పేరేంటి?"

"ఇంకా లేదు పిన్నీ. అరవై ఒకటి అంటున్నాం."

"ఇన్నాళ్ళు నాతో తిని, నాతో పడుకుని, పేరైనా లేకుండా ఉందా!" అంది. మళ్ళీ కన్ను పెట్టింది.

ఇప్పుడు పిన్ని మెడలో తాడు కట్టిన బుల్లి కత్తెర వేలాడుతూ ఉంటుంది. డాక్టరమ్మ దారం కొరకనని మాట తీసుకుంది. ముడి వేశాక తల దానంతటదే కిందికి వంగుతుంది. దారం పెదవి దాకా వెళ్ళి ఆగుతుంది. అప్పుడు గుర్తొచ్చి, గుడ్డ వదలకుండానే కుడిచేత్తో కత్తెర అందుకుంటుంది. బాబాయి అది చూసి, "భూతద్దం, చూశావా? అలవాటైపోయింది," అంటాడు. పిన్ని నవ్వుతుంది, రెండు చేతులూ పని మీదే ఉంచుకుని.

నీలం సంచి నాకిచ్చేసింది. ల్యాబులో నా సొరుగులోని భూతద్దం అందులో సరిగ్గా పట్టలేదు. పిన్ని కుట్లు విప్పి, అంచు వదిలి, పెద్దది చేసి ఇచ్చింది.